గవ్వలపాలెం మొండికత్తి అమ్మవారు

గవ్వలపాలెం అమ్మవారి చేతిలో త్రిశూలం ఉండదు. పిడికి బంగారు పూత, అలుగు నిండా తీగలూ పూలూ చెక్కిన పొడవాటి సీమకత్తి ఉంటుంది. దాని అంచు మీద వేలు గీసినా తెగదు. అమ్మకు పదునులేని కత్తేమిటని కొత్తగా వచ్చిన భక్తులు అడుగుతుంటారు.

పూర్వం ఇక్కడ పాలెం వాళ్ళ వలలో ఈ కత్తి పడింది. సీమదొరల ఓడ ఏది మునిగిందో ఏమో. అలుగు మీద మసకగా ఒక బొమ్మ ఉంది. మోకాళ్ళ మీద ఒకడు, వాడి భుజాన కత్తి ఆనించి ఇంకొకడు. ఇది తలలు తీసే కత్తి అనుకుని, పసుపు రాసి అమ్మవారి ముందు పెట్టారు.

ఆ ఏడు ఎవరో వలలన్నీ కోసేశారు. వేట లేక పొయ్యిలు ఆరిపోయాయి. అంతకుముందే పాలెం వాళ్ళతో గొడవపడిన కమ్మరి బంగారయ్యే కోశాడని పట్టి కట్టేశారు. "అమ్మ ఈ కత్తి పంపింది ఇందుకే" అన్నాడు పాలెం పెద్ద నూకన్న. ఊళ్ళో కొలిమి ఒక్కటే. అందుకని పదును పెట్టమని ఆ కత్తిని బంగారయ్య తల్లి వరహాలమ్మ చేతికే ఇచ్చారు.

సానరాయి ముందు కూర్చుంది గాని ఆ తల్లికి చెయ్యి ఆడలేదు. ఏడ్చి ఏడ్చి కునుకు పట్టింది. కలలో అమ్మవారు కనబడి, "చేతిలో ఉన్నదాన్ని సరిగా చూడవే" అంది. ఉలిక్కిపడి లేచి, చింతపండు పెట్టి కత్తిని తోమింది. మకిలి వదిలి బొమ్మలో మొహాలు బయటపడ్డాయి.

గుడి ముందు నూకన్న, "పదును పెట్టావా?" అన్నాడు.

"లేదన్నా. ఈ బొమ్మ చూడు. తల తీస్తుంటే ఎవడైనా నవ్వుతాడా? వెనకాల ఆడోళ్ళు దండలు పట్టుకుని నిలబడతారా? ఇది తల తియ్యడం కాదు, మన్నన చెయ్యడం."

"కన్నతల్లివి, నీకు అలాగే కనబడుద్ది."

"నా కళ్ళతో వద్దు, నీ కళ్ళతోనే చూడు."

నూకన్న కత్తిని వెలుతురుకు తిప్పి చూశాడు. మోకాళ్ళ మీదున్నవాడు నవ్వుతూనే ఉన్నాడు. ఆఖరికి బొమ్మలో ఉన్నట్టే బంగారయ్యను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, భుజం మీద కత్తి ఆనించాడు. రక్తం రాలేదు. 

అప్పుడు నూకన్న మేనల్లుడు ఎల్లాజీ వచ్చి పక్కనే మోకరిల్లాడు. "నాక్కూడా పెట్టు మామా. పడవెక్కనివ్వలేదన్న కచ్చతో వలలు కోసింది నేనే. తల పోద్దని నోరు విప్పలేదు."

 నూకన్న మేనల్లుడి భుజం మీదా అదే కత్తిని, అంతే మెల్లగా పెట్టాడు. వలలు మళ్ళీ అల్లేదాకా ఎల్లాజీ ఒడ్డు కదల్లేదు. మొదటి వల పట్టుకుని సముద్రంలోకి దిగింది వాడూ, బంగారయ్యా.

నేటికీ ఈ గుడిలోకి సానరాయి రానివ్వరు. జాతరనాడు వరహాలమ్మ వంశపు ఆడపడుచు చింతపండుతో కత్తి తోముతుంది. తప్పు చేసినవారు మోకరిల్లి చెప్పుకుంటే, భుజాన కత్తి ఆనిస్తుంది. ఇక్కడ ఒప్పుకున్న తప్పును బయట మళ్ళీ ఎత్తిపొడవకూడదని కట్టుబాటు. అలా లేచి వెళ్ళినవారి గుండె బరువు అమ్మ దించుతుందని నమ్మకం. మీరూ చెప్పుకోండి. భయం లేదు, ఆ కత్తి తెగదు.