సోమరాజుగారి రివాల్వర్

"నూకరాజు చేతిలో ఉన్నదేమిటి గురువుగారూ, నా చేతిలో లేనిదేమిటి?"

భానుమూర్తి ఈ మాట నలుగురి ముందూ అడిగేశాడు. సోమరాజుగారు విననట్టే రివాల్వర్ గొట్టంలోంచి నూనెగుడ్డ లాగుతూ ఉండిపోయారు. అది ఆయన అలవాటు. ప్రశ్న వేసినవాడు పది నిమిషాలు ఓపిగ్గా కూర్చుంటే ఏదో ఒకటి చెప్పేవారు, లేచిపోతే అదీ లేదు. భానుమూర్తి కూర్చున్నాడు. ఆ రోజు అతను వారమైనా కూర్చునేవాడే.

కొవ్వూరు అవతల, రాయి తీసి వదిలేసిన క్వారీలో మా షూటింగ్ క్లబ్బు ఉండేది. సోమరాజుగారు ఫారెస్టు రేంజరుగా రిటైరై, ఇరవై ఏళ్లుగా మాకు గురి నేర్పుతున్నారు. డెబ్బై తొమ్మిదో ఏట చేతివేళ్లు వణకడం మొదలుపెట్టేసరికి, ఇక ఈ రివాల్వర్ తన దగ్గర ఉండకూడదనీ, లైసెన్సున్న శిష్యుడెవరికైనా బదిలీ చేసేస్తాననీ అన్నారు. దరఖాస్తు ఫారం తెప్పించారు. అందులో పుచ్చుకునేవాడి పేరు రాయడం ఒక్కటే మిగిలింది. ఆ పేరు పశువుల డాక్టరు నూకరాజుదని క్లబ్బంతా చెప్పుకుంటున్నారు.

ఆ రివాల్వర్ సంగతి కొంత చెప్పాలి. తాతలనాటిది. దాని మీద కన్ను వెయ్యనివాడు మా క్లబ్బులో లేడు, నాతో సహా. ట్రిగ్గర్ నొక్కిన కొద్దీ పేలుతూ పోయే రకం కాదది. ప్రతి గుండుకీ ముందు, వెనకవైపు తూటాను కొట్టే హేమర్‌ని బొటనవేలితో లాగి నిలబెట్టాలి. తూటాలు కూడా పక్కనున్న చిన్న తలుపు తీసి ఒక్కొక్కటే పెట్టుకోవాలి. గదులు ఆరున్నా పెట్టేది ఐదే. హేమర్ కింది గది ఖాళీగా ఉంచకపోతే, ఎక్కడైనా తగిలినప్పుడు దానంతటదే పేలవచ్చు. ఇంత చాదస్తపు వస్తువు మీద అంత మోజేమిటని అడిగితే నేను సరిగా చెప్పలేను. హేమర్ లాగుతుంటే పాత గడియారానికి కీ ఇచ్చినట్టు టిక్కు టిక్కుమని నాలుగుసార్లు పలుకుతుంది. ఆ చప్పుడు చెవికంటే ముందు అరచేతికి తెలుస్తుంది. ఆ తర్వాత గుండుకీ గుండుకీ మధ్య కాస్త వ్యవధి దొరుకుతుంది. ఒకసారి కాల్చినవాడికి ఇంట్లో అన్నం తింటున్నా అదే గుర్తొస్తుంది.

భానుమూర్తి రొయ్యల మేత వ్యాపారంలో పైకొచ్చినవాడు. ఇంట్లో మంచి పిస్టల్ ఉంది. "ఇలాంటిదే ఇంకోటి వెతికి కొనుక్కోవయ్యా" అని నేనంటే నన్ను కొట్టేట్టు చూశాడు. రివాల్వర్ తనకు రాకపోయినా ఓర్చుకునేవాడేమో గాని, అది నూకరాజు బీరువాలో ఉంటుందన్న ఊహ మాత్రం అతనికి కంటిమీద కునుకు లేకుండా చేసింది. పైగా గురిలో నూకరాజు అతనికంటే ఎప్పుడూ ఒక మెట్టు కిందే. అయినా గురువుగారు నూకరాజు కాలుస్తుంటే పక్కన నిలబడి చూసేవారు, తను కాలుస్తుంటే టీ తాగేవారు. ఈ టీ సంగతి భానుమూర్తి నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ గ్లాసు కాస్త పెద్దదవుతూ వచ్చింది.

సోమరాజుగారు గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "ఆదివారం పొద్దున్న ఇద్దరూ రండి. దీంతోనే చెరో ఐదూ కాల్చుదురుగాని."

"ఎక్కువొచ్చినవాళ్లకేనాండీ ఇది?"

"ముందు కాల్చవయ్యా" అన్నారాయన.

ఆదివారం నేను ఒకే చట్రానికి రెండు గురి కార్డులు జానెడు ఎడంగా తగిలించాను. ఎడమది నూకరాజుది, కుడిది భానుమూర్తిది. ముందు నూకరాజు కాల్చాడు. ఒక గుండు వదలడం, గొట్టం కిందికి దించడం, నేలకేసి చూస్తూ ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ హేమర్ లాగడం. ఈనబోయే గేదె పక్కన కూర్చున్నవాడికి ఉండే నిదానం అది. ఐదూ నడిమికి ఎడంగా, ఎనిమిది మార్కుల వలయంలోనే, టీ గ్లాసు మూతి అంత చోట్లో పడ్డాయి. మొత్తం నలభై. పర్వాలేదనిపించే కాల్పే తప్ప చప్పట్లు కొట్టేదేం కాదు.

తర్వాత భానుమూర్తి వచ్చాడు. మెడలో బైనాక్యులర్ వేసుకొచ్చాడు. మొదటి గుండు తొమ్మిది. వెంటనే గొట్టం దించి, ఎడమచేత్తో బైనాక్యులర్ ఎత్తి చూశాడు. తన గుండు ఎక్కడ పడిందో చూసుకుంటున్నాడనుకున్నాను గాని, అద్దాలు తిరిగింది నూకరాజు కార్డు వైపు. రెండోది ఎనిమిది. మళ్లీ అటే చూశాడు. మూడోది తొమ్మిది, నాలుగోది ఏడు. ప్రతి వ్యవధిలోనూ అతను ఆ ఐదు రంధ్రాలనూ లెక్కబెడుతూనే ఉన్నాడు, పెదాలు కదలడం నాకు కనబడుతూనే ఉంది. ముప్పై మూడు. ఇంకొక్క ఎనిమిది పడితే గెలిచినట్టే. ఈసారి బైనాక్యులర్ చాలాసేపు దించలేదు. ఎడమవైపుకే చూసి, చూసి, వదిలేసి, హేమర్ లాగి, చెయ్యి చాచి, తడుముకోకుండా పేల్చాడు. గుండు వెళ్లిన క్షణమే అతని ముఖం విచ్చుకుంది. మంచి గుండు వదిలినవాడికి ఆ సంగతి మణికట్టే చెబుతుంది.

"పది" అన్నాడు మెల్లగా.

నేను వెళ్లి కార్డులు విప్పి తెచ్చి బల్ల మీద పరిచాను. భానుమూర్తి కార్డులో నాలుగే రంధ్రాలున్నాయి. వెనక్కి తిప్పి చూశాను, వెలుతురుకు పట్టి చూశాను, నాలుగే. నూకరాజు కార్డులో ఆరు ఉన్నాయి. ఐదు నడిమికి ఎడంగా ఒకే గుంపుగా, ఆరోది నడిబొడ్డున, కంపాసుతో గుచ్చినట్టు.

పక్క కార్డు మీద పడ్డ గుండు సున్నా అని మా క్లబ్బులో అందరికీ తెలిసిన రూలే. నూకరాజు కార్డు కేసి వంగి చూసి, "నడిమిది నాది కాదండి. నావన్నీ నడిమికి ఎడంగానే పడ్డాయి" అన్నాడు. అతను కాస్త నసిగినా, ఆ పది తనదేనని దబాయించినా భానుమూర్తికి పోట్లాడేందుకు ఓ దారి దొరికేది. ఆ మంచితనం అతనికి పుండుమీద కారం జల్లినట్టయింది. నాదేనని కేకపెట్టాలని ఉంది, పెడితే నవ్వులపాలు. పైగా సాక్షి కూడా తనే. ఆ కార్డు నడిమిన ఇంతకుముందు రంధ్రం లేదని అతనికి తెలిసినంత గట్టిగా మాకెవ్వరికీ తెలియదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాలోనూ ఏదో సంతోషం కదిలింది. భానుమూర్తికి కూడా దక్కలేదు కదా అన్న సంతోషం. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సోమరాజుగారు జేబులోంచి కలం తీసి, ఫారం మోకాలి మీద పెట్టుకుని, వణికే వేళ్లతో ఒక్కో అక్షరమే రాశారు. అది నూకరాజు పేరేనని తలకిందులుగా చూస్తున్నా భానుమూర్తికి తెలిసిపోయింది.  ఖాళీ అయిన రివాల్వర్‌ని బల్ల మీద పెట్టాడు, పెట్టి కూడా వేళ్లు తియ్యలేకపోయాడు.

"ఇవాళ నా చెయ్యి బాగాలేదండి గురువుగారూ" అన్నాడు చివరికి.

సోమరాజుగారు నడిమి రంధ్రం మీద వేలుపెట్టి నిమిరారు.

"చెయ్యి బాగానే ఉందయ్యా. నువ్వు ఎటు చూశావో అటే కొట్టింది."