ఎర్ర కారు, కొండబాబు కోపం

కాకినాడలో టైల్స్ షాపు నడిపే కొండబాబుకి, తను మెచ్చిన వస్తువులో ఎవరైనా లోపం చూపిస్తే చాలు, ఎక్కడలేని కోపం వచ్చేది. ఆ కోపంలో ఎదుటి మనిషి ఏం చెబుతున్నాడో వినేవాడు కాదు. షాపులో పనివాళ్ళు అతనికి నచ్చిందే తమకీ నచ్చిందనేవాళ్ళు. భార్య సత్యవేణి మాత్రం తనకి అనిపించింది చెప్పేసి, మాటలు పడేది.

స్పోర్ట్స్ కారు నడపాలని కొండబాబుకి కుర్రతనం నుంచీ కోరిక. కొత్తది కొనే స్తోమత లేదు. ఒక వేసవిలో, విశాఖపట్నంలో ప్రసన్నకుమార్ అనే ఆయన తన ఎర్ర స్పోర్ట్స్ కారు అమ్ముతున్నాడని తెలిసింది. భార్యాభర్తలు బస్సెక్కి వెళ్ళారు. సత్యవేణి పిన్ని కొడుకు పాత కార్లు కొని అమ్ముతుంటాడు. ఏమేం చూసుకోవాలో ఆమె అతన్ని ముందే అడిగి తెలుసుకుంది.

కారు గేటు ముందే ఉంది. తళతళా మెరుస్తోంది. కొండబాబు చూపు తిప్పుకోలేకపోయాడు. సత్యవేణి బానెట్ మీద చెయ్యి పెట్టి చూసింది.

“ఇంజన్ అప్పుడే వేడిగా ఉందేంటండీ? చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని సంగతి తెలుస్తుందట.”

“ఇప్పుడే పెట్రోలు కొట్టించుకొచ్చానమ్మా,” అన్నాడు ప్రసన్నకుమార్.

ఆమె లోపలికి వంగి కాళ్ళ దగ్గరి మ్యాట్ ఎత్తింది. కింద చెమ్మ వాసన. సీటు బెల్టు చివరిదాకా లాగింది. అడుగున మట్టి చార కనబడింది.

“ఏవండీ, ఒకసారి ఇలా చూడండి. ఇది వరద నీళ్ళలో మునిగిన కారేమో. మెకానిక్ దగ్గర పైకి లేపించి అడుగున చూపిద్దాం. రోడ్డు మీద కాసేపు నడిపి, బ్రేకులు గట్టిగా వేసి చూద్దాం. అప్పుడు కొనుక్కుందురుగాని.”

ప్రసన్నకుమార్ నవ్వాడు. “మేడంగారికి అనుమానం కాస్త ఎక్కువలా ఉందండీ. మీ ఇష్టం. మధ్యాహ్నం ఇంకో పార్టీ వస్తానన్నారు.”

ఆ మాటకి కొండబాబు మొహం కందగడ్డలా అయింది. కోపం వచ్చింది మాత్రం ఆ మాట అన్నవాడి మీద కాదు, భార్య మీద.

“నా పరువు తీయడానికే వచ్చావా? కార్ల గురించి నీకేం తెలుసు? నోరు మూసుకుని ఉండడం చేతకాకపోతే బస్సెక్కి ఇంటికి పో.”

“పోతాను. ఈ కారు మాత్రం ఎక్కను,” అని సత్యవేణి వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.

కొండబాబు అక్కడికక్కడే సంతకాలు పెట్టి, డబ్బు కట్టి, కారు తీసుకుని బయలుదేరాడు. దారి పొడుగునా భార్యని తిట్టుకుంటూనే ఉన్నాడు. తుని దాటాక ఎదురుగా మీటర్ల మధ్య బ్రేకుల హెచ్చరిక ఎర్ర లైటు వెలిగింది. దాని మీదా విసుక్కున్నాడు తప్ప ఆగలేదు. అన్నవరం దగ్గర ముందున్న లారీ వేగం తగ్గించింది. కొండబాబు బ్రేకు తొక్కాడు. పెడల్ మెత్తగా కిందికంటా దిగిపోయింది. కారు ఆగలేదు. భయంతో స్టీరింగ్ ఎడమకి తిప్పేశాడు. కారు రోడ్డు దిగి, తాటిముంజెలు అమ్ముకుంటున్న మంగ అనే ఆమెని గుద్దేసి, గట్టుకి తగిలి ఆగింది. మంగ కాలు విరిగింది.

ఆమె మొగుడు పరుగెత్తుకొచ్చి కొండబాబు కాలరు పట్టుకున్నాడు. “బ్రేకుల్లేని బండేసుకుని రోడ్డు మీదకెలా వచ్చావు?”

“బ్రేకులు పోయాయని నాకు తెలీదు.”

“తెలుసుకోవా మరి?”

కొండబాబు కాలరు విడిపించుకున్నాడు. వెంటనే ప్రసన్నకుమార్‌కి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు.

“పాత కారు కదండీ. మీరే చూసుకుని కొన్నారు. చూడొద్దని నేనన్నానా?” అని అతను ఫోన్ పెట్టేశాడు. వాడు మోసగాడే. కానీ చూడొద్దని నిజంగానే వాడనలేదు. చూడబోతున్న మనిషిని తరిమేసింది కొండబాబే.

కాసేపటికి సత్యవేణి ఎక్కిన బస్సు అటే వచ్చి, జనం అడ్డంగా ఉండడంతో ఆగింది. ఎర్ర కారు చూసి ఆమె గబగబా దిగింది. ముందు మంగ దగ్గరికి వెళ్ళి, తల ఒళ్ళో పెట్టుకుని, అంబులెన్సుకి ఫోన్ చేసింది. తర్వాత కొండబాబు వైపు తిరిగింది.

“నా మీద అరవడానికి ఉన్న ఓపిక, కారు కింద ఒకసారి వంగి చూడడానికి లేకపోయింది మీకు.”

మంగ ఆ వేసవంతా మంచం మీదే ఉంది. ఆసుపత్రి ఖర్చూ, ఇంటి ఖర్చూ కొండబాబే పెట్టుకున్నాడు. అయితే ఏం? ఆమె ఏ కారూ కొనలేదు, ఎవరినీ తిట్టలేదు. కాలు మాత్రం ఆమెదే విరిగింది.

మెకానిక్ షాపులో కారు విప్పితే సీట్ల కింద ఎండిన బురద, కారు అడుగున తుప్పు తినేసిన బ్రేకు గొట్టాలు బయటపడ్డాయి. “పైపైన బాగుచేసి రంగేస్తే ఇంకెవరో కొనుక్కుపోతారండీ,” అన్నాడు షాపతను.

“ఈసారి ఎవరి కాలు విరగాలి?” అని కొండబాబు అతని మీద మండిపడ్డాడు. కారుని పాత ఇనుము కింద తుక్కు చేయించాడు. ప్రసన్నకుమార్ మీద పెట్టిన కేసు ఇంకా నడుస్తూనే ఉంది. సత్యవేణి చాలా రోజులు అతనితో ముక్తసరిగానే మాట్లాడింది.

నీతి: కొనబోయే వస్తువులో లోపం చూపించేవాళ్ళు మన శత్రువులు కారు, వాళ్ళ మీద కోపంతో మనం కళ్ళు మూసుకుంటే, ఆ దెబ్బ ఏ పాపం ఎరగనివాళ్ళకి తగులుతుంది.