నాలుగు మూరల చూపు

జినేశ్ బాఫ్నా కార్ల రేసుల నుంచి తప్పుకుని రెండు నెలలైంది. ఇప్పుడు మళ్ళీ రమ్మంటున్నారు. వస్తాడో రాడో ఆ సాయంత్రంలోగా చెప్పాలి.

తప్పుకున్నప్పుడు చెన్నైలో సభ పెట్టారు. శాలువాలు కప్పారు. కుటుంబంతో గడపాలని ఉందని అతను మైకులో చెప్పాడు. పత్రికలు అదే రాశాయి. అది అబద్ధం కాదు. కాకపోతే కారణం అది కాదు.

కారణం చివరి రేసులో ఉంది. ఆ ట్రాక్ మీద ఒక పెద్ద మలుపు. అక్కడ కూడా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయనివాడని జినేశ్‌కు పేరు. అభిమానులు ఆ మలుపు దగ్గరే గుమిగూడేవాళ్ళు. ఆ రోజు అక్కడ అతని కాలు దానంతట అదే లేచింది. రెప్పపాటు. ఏమీ కాలేదు. అతను నాలుగో స్థానంలో రేసు ముగించాడు. చూస్తున్నవాళ్ళెవరూ గమనించలేదు. మరుసటి వారమే తప్పుకుంటున్నానని ప్రకటించాడు.

తర్వాత పనేమీ లేదు. పొద్దున్నే లేచి, ఇంటి కింద నిలిపి ఉన్న కారులో కూర్చునేవాడు. స్టార్ట్ చేసేవాడు కాదు. ఎందుకని మొదట్లో భార్య అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

అలాంటప్పుడు ఒక టీమ్ యజమాని ఫోన్ చేశాడు. ఒక్క ఏడాది చాలన్నాడు. జనం ఇంకా నిన్ను చూడడానికే వస్తారన్నాడు. జినేశ్ ఆ పూట కడుపునిండా తిన్నాడు. ఆ రాత్రే బయల్దేరి తెల్లారేసరికి ఆదోని వచ్చాడు.

ఆదోని అతను పుట్టిన ఊరు. ముత్తాతల కాలంలో రాజస్థాన్ నుంచి వచ్చి పత్తి వ్యాపారంలో స్థిరపడిన జైన కుటుంబం వాళ్ళది. ఆ ఏడాది ముసలి జైన సాధువు ధీరయశ మహారాజ్ అక్కడే ఉన్నాడు. ఏటా రేసులు మొదలయ్యే ముందు ఆయన ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరు వెళ్ళి మంగళిక్ వినడం జినేశ్‌కు అలవాటు. ప్రయాణమయ్యేవాళ్ళ కోసం సాధువులు చదివే చిన్న దీవెన అది. అడిగిన వాళ్ళందరికీ చదువుతారు. ఎక్కడికి, ఎందుకు అని అడగరు.

మహారాజ్ దీక్ష తీసుకున్నాక ఏ వాహనమూ ఎక్కలేదు. జైన సాధువులకు అది నియమం. వానాకాలం నాలుగు నెలలు ఒకచోట ఉంటారు. మిగతా ఏడాదంతా వట్టి కాళ్ళతో ఊరూరూ నడుస్తారు. నడిచేటప్పుడు కాలికింద చీమ కూడా చావకూడదని ముందున్న నాలుగు మూరల నేలనే చూస్తారు. అలా నడిచి నడిచి ఆయన తెలుగు కూడా నేర్చుకున్నాడు.

రేసు అంటే ఏమిటని ఆయన ఒకసారి జినేశ్‌ను అడిగాడు. అంత వేగంగా పోయి ఎక్కడికి చేరతారన్నాడు.

"బయల్దేరిన చోటికే, మహారాజ్."

"అయితే తొందరెందుకు?" అని ఆయన చాలాసేపు నవ్వాడు.

ఆ నవ్వు గుర్తుపెట్టుకుని వచ్చిన జినేశ్‌కు ఉపాశ్రయం ముందు జనం కనిపించారు. సాధువులు బస చేసే ఆ ఇంటిని అప్పటికే ఊడ్చేశారు. కార్తీక పున్నమి వెళ్ళిన మర్నాడు. వానాకాలపు బస ముగిసింది. మహారాజ్, ఆయన శిష్యులైన ముగ్గురు చిన్న సాధువులు వేరే ఊరికి నడక మొదలుపెట్టబోతున్నారు.

మహారాజ్ మెట్లు దిగడం జినేశ్ చూశాడు. ఒక మెట్టు దిగి, రెండో కాలు కూడా అదే మెట్టు మీద పెట్టి, ఆగి, మళ్ళీ ఇంకొక మెట్టు. మోకాళ్ళు అరిగిపోయాయని పక్కనున్నవాళ్ళు చెప్పారు. పత్తి వ్యాపారి పుఖ్‌రాజ్ సేఠ్ చక్రాల కుర్చీ తెప్పిస్తానని నెల రోజులుగా బతిమాలుతున్నాడట. తోసేవాడు ఎటూ నడవాలి కదా, నా బరువు కూడా వాడికెందుకని మహారాజ్ వద్దన్నాడట.

జినేశ్ దగ్గరికి వెళ్ళి వంగి నమస్కరించాడు. మంగళిక్ కోసం వచ్చానన్నాడు. నడుస్తూ మాట్లాడుకుందామన్నాడు మహారాజ్.

ఊరి చివరిదాకా జనం వెంట వచ్చారు. ఆడవాళ్ళు పాటలు పాడారు. కొందరు జినేశ్‌తో ఫోటోలు దిగారు. మళ్ళీ ఎప్పుడు నడుపుతావని ఒకరిద్దరు అడిగారు. పుఖ్‌రాజ్ సేఠ్ అతని భుజం మీద చెయ్యేశాడు.

"ఏమప్పా జినేశూ, రెండొందల యాభై మీద పోయేవాడివి. ఇప్పుడు యా గేరులో ఉండావు?"

అందరూ నవ్వారు. జినేశ్ కూడా నవ్వాడు. ఊరు దాటాక జనం వెనక్కి తిరిగారు. రోడ్డు మీద నలుగురు సాధువులు, జినేశ్ మిగిలారు.

మహారాజ్ ముందు నడిచాడు. చేతికర్ర, చంకలో పురుగులు నలగకుండా నేల తుడుచుకునే ఉన్ని చీపురు. పక్కన జినేశ్. చిన్న సాధువులు వెనక. పెద్ద శిష్యుడు విరతియశ తన చెక్కపాత్రల మూటతో పాటు గురువుగారి మూట కూడా భుజానికి తగిలించుకున్నాడు. పత్తి లారీలు వస్తున్నాయి. ఒక్కొక్కటి పక్క నుంచి పోతుంటే తెల్ల బట్టలు కాళ్ళకు చుట్టుకుంటున్నాయి.

కొండ పక్కన రోడ్డు తిరిగింది. జినేశ్ తనకు తెలియకుండానే అంచు వదిలి, రోడ్డుకు అడ్డంపడి, మలుపు లోపలి వైపుకు నడిచాడు. ఎదురుగా లారీ. గట్టిగా హారన్. విరతియశ వెనక నుంచి పరుగెత్తి అతని చొక్కా పట్టి లాగాడు. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంట్లో చెప్పి వచ్చావా అని అరిచి పోయాడు. జినేశ్‌ను గుర్తుపట్టలేదు.

"అటెందుకు పోయావు?" అన్నాడు మహారాజ్.

ట్రాక్ మీద మలుపును అలాగే కోసుకుంటూ పోతామని, దూరం కలిసొస్తుందని జినేశ్ చెప్పాడు. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళకు కూడా పట్టుకుందన్నాడు. అక్కడ ఎదురొచ్చేవాళ్ళు ఉండరన్నాడు. చిన్న సాధువులు నవ్వు ఆపుకోలేకపోయారు. మహారాజ్ నవ్వలేదు.

మలుపు దాటారు. తర్వాత జినేశ్ చెప్పాడు. టీమ్ యజమాని పిలుపు సంగతి, సాయంత్రంలోగా ఇవ్వాల్సిన జవాబు సంగతి. ఆపైన, భార్యకు కూడా చెప్పని మాట.

"చివరి రేసులో నా కాలు లేచింది, మహారాజ్. నేను ఎత్తలేదు. అదే లేచింది."

మహారాజ్ నేల చూస్తూనే నడుస్తున్నాడు.

"అప్పుడు నీ వెనక ఎవరున్నారు?"

జినేశ్ ఈ ప్రశ్న అనుకోలేదు. భయమేసిందా అని అడుగుతాడనుకున్నాడు.

"ఒకడున్నాడు. కొత్తవాడు. నేను అక్కడ వేగం తగ్గించనని నమ్మి, బాగా దగ్గరగా వచ్చాడు. ఎలాగో తప్పించుకున్నాడు."

"ఎలా?"

"నాకు తెలియదు."

మహారాజ్ ఆగాడు. కర్ర నేలకు ఆనించి, మెల్లగా, ఒళ్ళంతా తిప్పి, వెనక్కి చూశాడు. ఆయన నడకలో వెనక్కి చూడడం శిష్యులు ఎప్పుడూ ఎరగరు. ఏం జరిగిందోనని వాళ్ళు కూడా ఆగిపోయారు.

జినేశ్ కూడా వాళ్ళను అప్పుడే సరిగ్గా చూశాడు. ముగ్గురూ తారు అంచున ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. బలమైన పాతికేళ్ళ వాళ్ళు. గురువును దాటకూడదని ఊరి నుంచి అడుగు చిన్నది చేసుకుని నడుస్తున్నారు. ఎండ ఎక్కింది. కాళ్ళకింద తారు కాలుతోంది. ఇంకో లారీ వాళ్ళ మోచేతుల పక్క నుంచి దూసుకుపోయింది. విరతియశ మెడ మీద రెండు మూటల తాళ్ళు ఎర్రగా ఒరుసుకున్నాయి. ఈ పాటికి వాళ్ళు సగం దారి దాటి ఉండాలి. ఆదోని కొండ ఇంకా వెనకే కనిపిస్తోంది.

మహారాజ్ రోడ్డు దిగి, ఉన్ని చీపురుతో నేల తుడిచి, ఒక రాయి మీద కూర్చున్నాడు. విరతియశను పిలిచి తన మూట అడిగాడు. అతను అర్థంకాక ఇచ్చాడు. మహారాజ్ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీరు నడవండి. ఎండ ముదరకముందే చేరాలి."

విరతియశ, కాసేపు ఆగి అందరం పోదామన్నాడు. తర్వాత సాయంత్రం పోదామన్నాడు. తర్వాత రేపన్నాడు. మహారాజ్ ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు. నడవలేని సాధువు ఒక ఊరు ఎంచుకుని అక్కడే ఉండిపోవచ్చు. స్థిరవాసం అంటారు. ఆ మాట ఆయన నోట ఇంతకుముందు ఎవరూ వినలేదు.

"నాకు ఇక ఆదోనే" అన్నాడు.

సాధువు ఒంటరిగా ఉండకూడదు. అందుకని ముగ్గురిలో చిన్నవాడు తాను ఉంటానన్నాడు. విరతియశ కింద మోకరిల్లి, తల నేలకు ఆనించి, లేవలేదు. రెండోవాడే అతన్ని లేపాడు.

మహారాజ్ కళ్ళు మూసుకుని మంగళిక్ చదివాడు. వెళ్ళిపోతున్న ఇద్దరూ చేతులు జోడించారు. జినేశ్ కూడా జోడించాడు.  

ఇద్దరూ వెళ్ళారు. మొదట మెల్లగా నడిచారు. తర్వాత అలవాటు తప్పిన కాళ్ళకు దారి దొరికినట్టు అడుగు పెద్దదైంది. తెల్ల బట్టలు చిన్నవవుతూ పోయాయి. అంతవరకూ నాలుగు మూరలు దాటని మహారాజ్ చూపు వాళ్ళ వెంటే పోయింది. వాళ్ళు ముందున్న మలుపు తిరిగి కనబడకుండా పోయారు. చూపు మాత్రం అక్కడే నిలిచింది.

"మంగళిక్ కోసం వచ్చావు కదా" అన్నాడు చివరికి.

"విన్నాను, మహారాజ్."

తిరిగి ఆదోని చేరడానికి చాలాసేపు పట్టింది. కొండ పక్క మలుపు దగ్గర జినేశ్ రోడ్డు అంచునే, చుట్టూ తిరిగి నడిచాడు. దారిలో ఫోన్ మోగింది. అతను రెండడుగులు వెనక్కి తగ్గి, రావడం లేదని చెప్పాడు. అవతలివాళ్ళు కారణం అడిగారు. కుటుంబమని చెప్పబోయి ఆగాడు. కాలు లేచిందని చెప్పాడు. 

ఉపాశ్రయానికి వేసిన తాళం మళ్ళీ తీయించారు. పొద్దున ఊడ్చిన గది అలాగే ఉంది. చిన్న సాధువు నీళ్ళ కోసం వెళ్ళాడు. మహారాజ్ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. మూట విప్పలేదు. గుమ్మంలోంచి రోడ్డు కనిపిస్తోంది.

"ఈ పాటికి ఎక్కడిదాకా పోయి ఉంటారు?" అని అడిగాడు.

వేగం లెక్క కట్టడం జినేశ్‌కు వెన్నతో పెట్టిన విద్య. అయినా చెప్పడానికి కొంచెం ఆలస్యం చేశాడు.

"చేరిపోయి ఉంటారు, మహారాజ్."

ఆయన తల ఊపాడు. బయట ఎవరో నడిచిపోతున్న చప్పుడు వచ్చింది. అది దూరమయ్యేదాకా విన్నాడు.

"నీకూ ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది."

"అలవాటవుతుందా?"

ఇన్నేళ్ళలో మహారాజ్ తనకు తెలియని సంగతి జినేశ్‌ను అడగడం, రేసు గురించి తప్పిస్తే, ఇదే మొదటిసారి. తెలిసిన జవాబు ఇవ్వాలని జినేశ్‌కు ఎంతో ఉంది.

"ఇంకా తెలియలేదు" అన్నాడు.

మహారాజ్ పక్కకు జరిగి, గోడకు ఆనుకోవడానికి అతనికి చోటిచ్చాడు.