మంట కోసం దాచిన చెరువు

రండమ్మా, రండి నాయనా, దగ్గరగా జరగండి. ఆ చివరనున్న పిన్నిగారికి కాస్త చోటివ్వండి. ముందు అగ్నిదేవుడికో దండం పెట్టుకోండి. ఆయన్ని తలుచుకోకుండా చెప్పే కథ కాదిది.

అనగా అనగా, భూమిలోంచి నూనె తోడే ఒక చోటు. కొండల్లాంటి నూనె ట్యాంకులు, ఆ పక్కనే కూలోళ్ల ఇళ్లు. ప్లాను గీసిన ఇంజనీరు గాలి ఎటు వీస్తుందో చూసి, పొగ రాని వైపు ఒక చెరువు తవ్వించాడు.

"ఇది మంట ఆర్పడానికే. నీళ్లు ఈ గీత దిగితే ఇక చాలవు," అన్నాడు.

ఆ గీతని చెరువు గట్టు రాతి మీద చెక్కింది సింహాచలం. అతను పోయాక చెరువు కావలి అతని పెళ్లాం మరిడమ్మకొచ్చింది.

ఆ ఏడు వానల్లేవు. బావులెండాయి. చెరువు సరిగ్గా గీత మీద నిలిచింది. మరిడమ్మకి తాగడానికి మిగిలింది ఒక్క కుండ.

రోహిణి కార్తె. మిట్టమధ్యాహ్నం. కాకి కూడా అరవట్లేదు. గట్టు మీదికి ఒక బాటసారి వచ్చాడు. కాళ్ల కింద నీడ లేదు. నడినెత్తిన ఎండ కదా, ఆవిడ పట్టించుకోలేదు.

"దాహం తల్లీ. చెరువులోంచి ఒక్క దోసెడు."

"చెరువు అందరిదీ. కుండ నాది. ఇదిగో, తాగు."

దోసిట్లో పోసింది. కాలిన పెనం మీద పడ్డట్టు నీళ్లు చుర్రుమన్నాయి.

మర్నాడు అదే వేళకి పక్కింటి అప్పయమ్మ వచ్చింది. కళ్లు మాత్రం నిప్పుకణికలు.

"ఏం వదినా, చెరువు మీ పుట్టింటోళ్లు పెట్టారా? ఒక్క బిందెకే ఇంకిపోద్దా?"

"చెరువు అందరిదీ. కుండ నాది. తాగు వదినా."

నీళ్లు చుర్రుమన్నాయి. కుండ ఖాళీ అయింది.

మూడోనాడు సింహాచలం వచ్చాడు. చచ్చిపోయిన సింహాచలం. అదే తలపాగా, అదే కుంటినడక.

"మరిడీ, గొంతు మండిపోతోందే. ఒక్క దోసెడు."

మరిడమ్మ గుండె నీరైపోయింది. చెరువులోకి చెయ్యి చాచింది. వేళ్లకి రాతి మీది గీత తగిలింది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇది చెక్కుతుంటే మా ఆయన వేళ్లు నెత్తురోడాయి. ఆయనైతే ఈ నీళ్లడగడు. నువ్వెవడివి?"

వాడు నవ్వాడు. నోట్లోంచి పొగ వచ్చింది. "చెరువు దిగితే ఊరంతా నాదయ్యేది. దిగకపోయినా నాకు ఆకలే," అని ట్యాంకుల వైపు నడిచాడు.

ఆ పూటే ఒక ట్యాంకు అంటుకుంది. పంపులు మోగాయి. ట్యాంకుల చుట్టూ ఉన్న గొట్టాలు వానలా కురిశాయి. మంట పక్క ట్యాంకుకి పాకలేదు, ఇళ్ల మీదికి రాలేదు. చివరికి చెరువు అడుగున మిగిలిన బురదనీళ్లతో మంట ఆరింది. ఒక్క బిందె తక్కువైనా అంతా బూడిదే.

అప్పయమ్మ పరుగున గట్టెక్కింది. మరిడమ్మ కూర్చునే ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. ప్రాణం లేదు.

"అయ్యో వదినా! మూడ్రోజులుగా ఇటు తొంగి కూడా చూడకపోతినే! ఒక్క మాటంటే మా కుండలోది పోసేదాన్ని కదా!"

ఇప్పటికీ ఆ పక్క ప్రతి గుమ్మం దగ్గరా మంట కోసమని ఒక నిండుబిందె ఉంటుంది. మరిడమ్మ బిందె అంటారు. నాలుక పిడచకట్టినా ముట్టరు. మధ్యాహ్నం ఎవరైనా దాహమంటే తమ కుండలోవి దోసిట్లో పోస్తారు. పోసి, ఒక్క క్షణం చెవి ఒగ్గుతారు.

నా తల్లుల్లారా, నా బాబుల్లారా, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అడిగినవాళ్లకి ఆ తల్లి తన వంతు ఇచ్చేసింది, అందరి వంతు ముట్టలేదు. ఇంటికెళ్లగానే మీరూ ఒక బిందె నింపి పక్కన పెట్టండి. రేపు కూడా పెట్టండి.