మూడు తాళాల టాకీసు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి ఒక సినిమా హాలు. ఆ హాలుకి ఒక పెద్ద తలుపు. ఆ తలుపుకి మూడు తాళాలు. మూడు తాళాలకీ ముగ్గురు అన్నదమ్ములు. ఆ ముగ్గురితో వేగలేక తల పట్టుకున్న ముసల్ది ఒకత్తె. ఆమె పేరు పైడమ్మ. హాలు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు గానీ, కథ మాత్రం పైడమ్మదే. అందులో తగువు లేదు.

ఎప్పటి మాటో అడక్కండి. తెరమీద బొమ్మ మాట్లాడుతుందంటే జనం నమ్మని రోజులు. సన్యాసినాయుడనే ఆసామి నడిబజార్లో ఎత్తయిన దిబ్బ చూసి, దాని మీద హాలు కట్టించాడు. పెళ్ళాం పేరు పెట్టి మాణిక్యాంబ టాకీసు అన్నాడు. జనానికి అంత పేరు నోరు తిరగలేదు. పెద్దహాలు అన్నారు. చుట్టుపక్కల ఊళ్ళ నించి బళ్ళు కట్టుకుని, చద్దన్నం మూటలతో వచ్చేవారు. లోపల నేల, బెంచీ, కుర్చీ తరగతులు. మగాళ్ళకి వీధి వైపు గేటు, ఆడవాళ్ళకి పక్కసందులో గేటు.

ఆ ఆడవాళ్ళ గేటు దగ్గర కూచునేది పైడమ్మ. ఆటకి ముందు ఆడవాళ్ళని లోపలికి పంపేది. ఆట అయ్యాక హాలంతా ఊడ్చేది. ఆ రెండు పనుల మధ్యా తిట్టేది.

పసిబిడ్డ ఏడిస్తే తల్లిని తిట్టేది. తిట్టి, ఆ బిడ్డని తనే భుజానేసుకుని సందులో తిప్పేది. వేరుశెనగ తొక్కలు కింద పోస్తే తిట్టేది. తిట్టి, తనే ఊడ్చేది. తెరమీద దుర్మార్గుడు కనపడగానే కోపం పట్టలేక చెప్పు విసిరేసిన వాళ్ళని తిట్టేది. తిట్టి, ఆట అయ్యాక ఆ చెప్పు వెతికి తెచ్చి కాళ్ళ దగ్గర పడేసేది. ఎవరిని తిట్టినా చివరికి ఒకటే మాట.

"ఓలమ్మోలమ్మ! మీతో ఏగనేక సత్తన్నాను!"

జనం నవ్వేవారు. మర్నాడు మళ్ళీ తొక్కలు పోసేవారు.

సన్యాసినాయుడికి ముగ్గురు కొడుకులు. పెద్దబాబు, నడిపిబాబు, చినబాబు. ముగ్గురూ పైడమ్మ చంకలో పెరిగారు. ముగ్గురూ ఆమె కొంగుకే ముక్కు తుడుచుకున్నారు. ముగ్గురి చేతిలోనూ జీడిముక్క పెట్టి, కొట్టుకోకండర్రా అని ఆమె బతిమాలింది. వాళ్ళు కొట్టుకున్నారు. పెద్దయ్యాక పెద్దబాబు బియ్యం మిల్లు పెట్టాడు. నడిపిబాబు ఇటుకబట్టీ పెట్టాడు. చినబాబు బట్టల కొట్టు పెట్టాడు. జీడిముక్కల తగువు మాత్రం అలాగే ఉంది.

సన్యాసినాయుడు పోయే ముందు మంచం చుట్టూ కొడుకులున్నారు, కోడళ్ళున్నారు. ఆయన ఎవరి వంకా చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ పైడమ్మని చూసి, "హాలు జాగ్రత్త పైడీ" అన్నాడు. అదే ఆఖరి మాట.

పెద్దకర్మ అన్నం తిన్న చేతులు ఆరకముందే తగువు మొదలయింది.

"సినిమాలకి కాలం చెల్లింది. హాల్లో బియ్యం బస్తాలు వేద్దాం," అన్నాడు పెద్దబాబు.

"బస్తాలెందుకు? పడగొట్టి కొట్లు కడదాం. ఇటుక నా బట్టీలోదే," అన్నాడు నడిపిబాబు.

"నాన్న సినిమా హాలు కట్టాడు. సినిమాయే ఆడాలి," అన్నాడు చినబాబు. ఆయన కొట్టు హాలు ఎదురుగానే ఉంది మరి. ఆట వదిలితే జనం అటే వెళ్ళేది.

కోర్టుకెక్కారు. ఒకనాటి పొద్దున్న పెద్దబాబు వచ్చి వీధి తలుపుకి తాళం వేశాడు. మధ్యాహ్నం నడిపిబాబు వచ్చి, దాని పక్కనే ఇంకో తాళం వేశాడు. సాయంత్రం చినబాబు వచ్చి, రెంటినీ చూసి మండిపడి, గొలుసు తెప్పించి మూడో తాళం వేశాడు. సందులో ఆడవాళ్ళ గేటుకి నడిపిబాబు ఏకంగా ఇటుకలే పేర్పించేశాడు. ఇటుక తన బట్టీలోదే.

పైడమ్మ చీపురు లోపల ఉండిపోయింది.

ఆమె పెద్దబాబు దగ్గరికెళ్ళింది. "బావూ, నా సీపురు లోపలుండిపోనాది. ఓపాలి తలుపు తియ్యి."

"ముందు నడిపివాణ్ణి తియ్యమను. తరవాత నేను తీస్తా."

నడిపిబాబు దగ్గరికెళ్ళింది. "ముందు చినవాణ్ణి తియ్యమను. తరవాత నేను తీస్తా."

చినబాబు దగ్గరికెళ్ళింది. "ముందు పెద్దన్నయ్యని తియ్యమను. తరవాత నేను తీస్తా."

"ఓలమ్మోలమ్మ! మీతో ఏగనేక సత్తన్నాను!" అని పైడమ్మ ఈతాకులు కోసి కొత్త చీపురు కట్టుకుంది. హాలు గోడకి చేరేసిన పాకలో ఉంటూ, రోజూ బయట మెట్లు ఊడ్చేది. లోపల ఊడవలేని హాలుకి మెట్లు ఊడవడమేంటని దారేపోయేవాళ్ళు నవ్వేవారు. ఆమెకీ ఒళ్ళు మండేది. అయినా ఊడ్చేది. జాగ్రత్త అన్నాడు కదా మహానుభావుడు. ఏం చేస్తే జాగ్రత్తో చెప్పి చావలేదు.

అన్నదమ్ములు మాత్రం వారానికోసారి వచ్చి, ఎవరి తాళం వారు లాగి చూసుకుని పోయేవారు. తలుపు వెనకాల కప్పు కారుతోందా, చెదలు తింటోందా అని ఒక్కడూ అడగలేదు. ఏళ్ళు గడిచాయి. గోడమీద బొమ్మలు చిరిగిపోయాయి. లోపల పావురాలు కాపరం పెట్టాయి. వాటికి తాళంచెవులు అక్కర్లేదు.

అట్లా ఉండగా ఒక ఏడు వాన పట్టింది. మొదటి రోజు పిల్లలు ఆడుకున్నారు. రెండో రోజు పెద్దలు ఆకాశం వంక చూశారు. మూడో రోజు పొద్దెక్కేసరికి ఊరి పక్కన గెడ్డవాగు పొంగి, ఎర్రనీళ్ళు దిగువీధిలోకి వచ్చేశాయి.

దిగువీధి అంటే అన్నీ మట్టిగోడలు, తాటాకు పాకలు. రిక్షా తొక్కేవాళ్ళు, చాపలల్లేవాళ్ళు, మిల్లులో బస్తాలు మోసేవాళ్ళు. పిల్లల్ని నెత్తినెత్తుకుని, ముసలాళ్ళని వీపునేసుకుని నడిబజారుకొచ్చారు. బజార్లోనూ మోకాలు లోతు నీళ్ళు. ఎత్తుగా ఉన్నది ఒక్కటే, పెద్దహాలు దిబ్బ. ఎక్కగలిగినవాళ్ళు మెట్లెక్కి, మూసిన తలుపు ముందు గాలివానలో నిలబడ్డారు. కింద మిగిలినవాళ్ళకి మెట్లమీద చోటు లేదు. ఒక బాలింత, పదిరోజుల బిడ్డని చీర మడతల్లో దాచుకుని, తలుపుకి ఆనుకుని వణుకుతోంది.

పైడమ్మ ఆ బాలింతని చూసింది. తాళాల్ని చూసింది. ఒకటి, రెండు, మూడు. నెత్తిన గోనెపట్టా కప్పుకుని నీళ్ళలోకి దిగింది.

పెద్దబాబు మిల్లు దగ్గర బస్తాలు పైకెక్కిస్తున్నాడు. "బావూ, దిగువీధి మునిగిపోనాది. తాళం తియ్యి."

"తియ్యడానికేం పైడమ్మా! కానీ నేను ముందు తీస్తే ఓడినట్టు. నడిపివాణ్ణి తియ్యమను."

నడిపిబాబు మేడమీద నించి తొంగిచూశాడు. "బావూ, పిల్లలు తడిసిపోతన్నారు. తాళం తియ్యి."

"అయ్యో పాపం! చినవాడు తియ్యగానే నేనొచ్చేస్తా."

చినబాబు కొట్లో బట్టల తానులు అటక మీదకి అందిస్తున్నాడు. "బావూ, పచ్చి బాలింత సలికి సచ్చిపోతది. తాళం తియ్యి."

"పెద్దన్నయ్య తీశాడా?"

మూడు గుమ్మాలూ తిరిగింది. మూడు గుమ్మాల దగ్గరా అదే వాన, అదే మాట. నడుంలోతు నీళ్ళలో వెనక్కి నడుస్తుంటే ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట. ఈ ముగ్గురినీ ఈ చంకలోనే కదా మోశాను, ఒక్కణ్ణయినా కింద పడేసుంటే బుద్ధొచ్చేదేమో అనుకుంది.

మెట్ల దగ్గర ఎర్రప్పడనే రిక్షావాడు గునపం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "మామ్మా, నువ్వు ఊఁ అను. మూడు తాళాలూ మూడు దెబ్బల్లో పగలగొట్టీత్తాను."

"ముట్టుకోకు!" అని అరిచింది పైడమ్మ. "ఒకడి తాళం పగిల్తే, వాడు మిగతా ఇద్దరిమీదా పడతాడు. మూడూ పగిల్తే, ముగ్గురూ ఏకమై నీమీద పడతారు. ఆళ్ళు ఏకమయ్యేది అప్పుడే!"

"మరేటి సేత్తాం మామ్మా?"

పైడమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. ఈ తలుపు నిలబెట్టిన నాడు సన్యాసినాయుడు పసుపు రాసి, పెళ్ళాం చేత బొట్టు పెట్టించాడు. ఆ పసుపుగిన్నె పట్టుకుని నిలబడింది తనే. ఆయన జాగ్రత్త అన్నది ఈ చెక్కనా? లోపలున్న చీకటినా? ఎవరూ ఎక్కని దిబ్బనా? బాలింత కొంగులో బిడ్డ ఏడవడం మానేసింది. పైడమ్మ చెవిన పడింది అదొక్కటే.

"ఎర్రప్పడా, తాళాలొగ్గీ. బందులు ఊడబీకు!"

అవి బయటికి తెరుచుకునే తలుపులు. రెక్కల్ని ద్వారబంధానికి పట్టి ఉంచే ఇనప బందులూ బయటే ఉన్నాయి. ఎర్రప్పడు గునపం దూర్చాడు. నానిన చెక్క మూలిగింది. ఒక పక్క బందులూడాయి. రెండో పక్క బందులూడాయి. పదిమంది ఆడవాళ్ళు చేతులడ్డం పెట్టి, పెళ్ళిపల్లకీని దించినట్టు రెండు రెక్కల్నీ కిందకి దించారు. తాళాలు తాళాల్లాగే ఉన్నాయి. గొలుసు గొలుసులాగే ఉంది. తలుపే అక్కడ లేదు.

ముందు బాలింతని పంపింది పైడమ్మ. ఆ తరవాత ముసలాళ్ళని. మెట్ల కింద మురుగుకాలవ ఉరుకుతోంటే, కింద మిగిలినవాళ్ళు దాటేందుకు ఆ తలుపునే దానిమీద అడ్డంగా పడేయించింది. దిగువీధి మొత్తం మూడు తాళాలమీంచి నడిచి హాల్లోకి వెళ్ళింది. నేలమీద కొందరు, బెంచీల మీద కొందరు, కుర్చీల్లో కొందరు. కుర్చీలో కూచోవడం చాలామందికి అదే మొదటిసారి. పైడమ్మ పాత తెర చింపి బిడ్డకి చుట్టింది. బిడ్డ కెవ్వున ఏడిచింది.

"తొక్కలు పొయ్యకండి, ఉమ్మకండి, తోసుకోకండి! ఓలమ్మోలమ్మ, మీతో ఏగనేక సత్తన్నాను!" అంది పైడమ్మ. ఆ ఏడుపు విన్నాక కొంగుతో మొహం తుడుచుకుంది. వానవల్లే అనుకున్నారు అందరూ.

నీళ్ళు తీశాక అన్నదమ్ములు ముగ్గురూ మూడు వైపుల నించి పరిగెత్తుకొచ్చారు.

"నా తాళం ఎవడు పగలగొట్టాడు?" అన్నాడు పెద్దబాబు.

"ఏ తాళమూ పగల్నేదు బావూ. సూసుకోండి," అంది పైడమ్మ.

ముగ్గురూ కాలవ మీద వంగారు. ఎవరి తాళం వారు లాగి చూసుకున్నారు. గట్టిగా ఉంది. చివరికి చినబాబు, "మరి తలుపు?" అన్నాడు.

"తిరిగి పెట్టించండి. నాను అడ్డమా? ముందెవరు పెట్టిత్తారో మీరే తేల్సుకోండి."

అది తేలలేదు. తలుపు పెట్టించినవాడిదే హాలని కోర్టు అనేస్తుందేమోనని ముగ్గురికీ భయం. ఒకడు వడ్రంగిని తెస్తే ఇద్దరు తరిమేశారు. అలా ఆ హాలుకి తలుపు లేకుండా పోయింది. ఆడవాళ్ళ గేటుకి పేర్చిన ఇటుకల్ని ఎవరో రోజుకొకటి చొప్పున తీసుకెళ్ళారు. అదీ ఎవరూ అడగలేదు.

తలుపు లేని చోటికి జనం రాకుండా ఉంటారా? దిగువీధి వాళ్ళు పాకలు కట్టుకుని వెళ్ళేలోపే, బజార్లో ఎండకి మాడే కూరగాయలమ్మలు బుట్టలతో లోపలికి వచ్చేశారు. పొద్దున్న కూరగాయలు. మధ్యాహ్నం చాపలల్లకం. మాఘమాసం వస్తే, ఇంట్లో చోటు లేని వాళ్ళ పెళ్ళిళ్ళు. తెర ఉన్న గోడ ముందే పీటలు వేసేవారు. ఎండాకాలంలో పెద్దబాబే వచ్చి, చల్లగా ఉందని నేల తరగతిలో కండువా పరుచుకుని పడుకునేవాడు. "కాళ్ళు ముడుసుకో బావూ, దారికడ్డం," అని పైడమ్మ ఊడ్చుకుంటూ పోయేది.

చాలా ఏళ్ళకి ఒక మధ్యాహ్నం, దోసకాయలమ్మతో పోట్లాడుతూ పైడమ్మ, "కొంచెం మంచినీళ్ళియ్యే," అని గోడకి చేరబడింది. దోసకాయలమ్మ చెంబు తెచ్చేసరికి పైడమ్మ ఇంక లేదు.

పాడె దగ్గరికి ముగ్గురు అన్నదమ్ములూ వచ్చారు. ముందు కొమ్ము నేను పడతానని పెద్దబాబు, కాదు నేనని నడిపిబాబు, నన్నే ఎక్కువ ఎత్తుకుందని చినబాబు. గొంతులు లేచాయి. శవం కదలడం లేదు. అప్పుడు జనంలోంచి ఎవరో ముసలామె, ఏడుస్తూనే అంది: "ఓలమ్మోలమ్మ! మీతో ఏగనేక సచ్చిపోనాది కదర్రా!"

ముగ్గురూ వంగారు. ఎవరికి అందిన కొమ్ము వారు పట్టారు. నాలుగోది ఎర్రప్పడు పట్టాడు. నలుగురూ కలిసి ఎత్తారు. ఆ అన్నదమ్ములు కలిసి చేసిన పని అదొక్కటే.

హాలు ఇప్పటికీ ఉందిట. వ్యాజ్యం మనవల చేతుల్లో ఇంకా నడుస్తోందిట. పెద్దహాలన్న పేరు పోయి పైడమ్మ సావిడి అయిందిట. ఆ ఊళ్ళో ఆస్తి తగువు పెద్దమనుషుల ముందుకొస్తే, "తాళాలు మీవి మీరుంచుకోండి, బందులెక్కడున్నాయో చెప్పండి," అంటారు.

ఇంకో అలవాటుంది. ఏ ఊళ్ళోనైనా వాన గట్టిగా కొడితే తలుపులు మూసుకుంటారు. ఆ ఊళ్ళో బార్లా తీస్తారు. జల్లు కొట్టి గుమ్మం తడుస్తుంది, చాప తడుస్తుంది, గోడ నానుతుంది. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు విసుక్కుంటూ లేచి తలుపెయ్యబోతుంది. అత్త చెయ్యి పట్టుకుని ఆపుతుంది.

"తడిస్తే తుడుసుకుందాం. ఒగ్గీ అమ్మా. ఎవులైనా వత్తారేమో."