ఉయ్యాల మీద రెండో తుమ్ము

పార్వతీపురంలో వకుళ అనే దర్జీ ఉండేది; పనిమంతురాలే, మనసున్న మనిషే, కానీ నలుగురిలో తన ముచ్చట తీరకపోతే మాత్రం ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ఆవిడ తమ్ముడు సూరిబాబుకి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. ఇక చూడాలి వకుళ సంబరం! దుకాణానికొచ్చిన వాళ్ళకి కొలతలు తీసుకోవడం మానేసి మేనకోడలి ముక్కు గురించి చెప్పేది. ఇరవయ్యొకటో రోజున బారసాల. తండ్రి పళ్ళెంలో బియ్యం పోసి బిడ్డ పేరు రాస్తే, మేనత్త ఉయ్యాలలోకి వంగి ఆ పేరు బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలి. అది వాళ్ళింటి ఆనవాయితీ.

సరిగ్గా ముందురోజే వకుళకి రొంప పట్టింది. ఆ సంగతి తెలిస్తే పేరు చెప్పే అవకాశం పినతల్లి కూతురు కస్తూరికి పోతుంది. అమ్మో, ఇంకేమైనా ఉందా! వకుళ పసుపు నీళ్ళ ఆవిరి పట్టింది. మాత్ర మింగి, ముక్కుకి బామ్ రాసుకుంది. బామ్ వాసన బయటపడకుండా జడలో మూరెడు మల్లెపూలు తురుముకుని బయల్దేరింది.

గుమ్మంలోనే మరదలు హైమ అడిగింది. "గొంతు అదోలా ఉందేంటి వదినా? రొంపా?"

"అబ్బే! నిన్నంతా నీ కూతురికి గౌను కుట్టానుగా, గుడ్డల దుమ్ము పడింది" అంది వకుళ.

ఉయ్యాల చుట్టూ ఒకటే సందడి! వకుళ వంగి, "మైత్రేయి" అంది. రెండోసారి కూడా అంది. మూడోసారి నోరు తెరిచేసరికి హాచ్ మని తుమ్ము! అందరూ గతుక్కుమన్నారు.

"శుభమా అని పేరు పెడుతుంటే ఒంటి తుమ్మేంటే! ఇంకోటి తుమ్మెయ్, దోషం పోతుంది" అంది ఇంటికి పెద్దావిడ పైడమ్మ.

ఇంకోటి తుమ్మడానికి వకుళ కష్టపడనక్కర్లేదు. అక్కడే, ఉయ్యాల మీదే, రెండోది తుమ్మేసింది. "హమ్మయ్య!" అని అందరూ నవ్వేశారు. అపశకునం గురించి అంతమంది కంగారుపడ్డారు గానీ, రొంప సంగతి ఒక్కరికీ తట్టలేదు.

బారసాల అయిన అయిదో రోజు పొద్దున్నే సూరిబాబు ఫోన్ చేశాడు. "అక్కా, పాప పాలు తాగట్లేదు. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి!"

వకుళ చేతిలో గుడ్డ అక్కడే పడేసి ఆటో ఎక్కి ఆసుపత్రికి పరుగెత్తింది. అప్పటికే పాప ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. పిడికెడు ఛాతీ గబగబా ఎగిరిపడుతోంది.

"ఇంట్లో ఎవరికైనా రొంప ఉందా?" అడిగింది డాక్టరమ్మ.

"ఎవరికీ లేదండీ" అన్నాడు సూరిబాబు.

వకుళ నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ చిన్న ఛాతీని చూశాక దాచడం ఆవిడ వల్ల కాలేదు. "నాకుందండీ. దాచిపెట్టి వెళ్ళి పాప మీదే తుమ్మాను" అని బావురుమంది.

డాక్టరమ్మ కసరలేదు. "మీకు నాలుగు తుమ్ములతో పోయే వైరస్సే ఇది. నెల నిండని పాపకి ఊపిరి గొట్టాలు మరీ సన్నవి. కాస్త వాచినా గాలాడదు" అంది. రొంప, దగ్గు ఉన్నవాళ్ళు లోపలికి రాకూడదని వకుళని వరండాలోకి పంపేసింది. హైమ వకుళ వైపు చూడకుండా మొహం తిప్పేసుకుంది.

నాలుగు రోజులు వకుళ ఆ వరండాలోనే కూర్చుంది. అయిదో రోజు లోపల్నుంచి ఏడుపు వినిపించింది. ఎంత గట్టి ఏడుపు! ఆకలి ఏడుపు! ఆక్సిజన్ తీసేశారు. పాప పాలు తాగింది! సూరిబాబు వరండాలో గంతేసినంత పని చేశాడు.

మర్నాడు ఇంటికి బయల్దేరుతూ హైమ వకుళ ముందు ఆగింది. పాపని అందించబోయింది. "తీసుకో వదినా."

వకుళ చేతులు ముందుకి రాబోయాయి. అంతలోనే వెనక్కి లాక్కుంది. "వద్దు హైమా. నాకింకా దగ్గు పూర్తిగా తగ్గలేదు" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

అన్ని రోజుల తర్వాత హైమ మొదటిసారి నవ్వింది.

నీతి: పెద్దలకి చిన్న రొంపే అయినా పసిబిడ్డకి అది ప్రాణం మీదికి రావచ్చు, ఒంట్లో నలతగా ఉన్నప్పుడు దాచకుండా చెప్పి, దూరంగా ఉండడమే ప్రేమ.