గడప బయట మొదటి రొట్టె

ఎప్పటి మాటో ఎవరికీ తెలియదు. మా తాతకు వాళ్ళ తాత చెప్పేనాటికే ఇది పాత కథ. తుమ్మచెట్ల మధ్య ఒక ఊరు, ఆ ఊళ్ళో చిన్న ప్రార్థన గుడి. గంట కొనలేక ఇత్తడి పళ్ళెం వాయించేవాళ్ళు. ఆ పళ్ళేనికి సొట్ట ఎలా పడిందో చెప్పాలంటే రెండు పూటలు పడుతుంది, వదిలేద్దాం.

ఆ గుడికి సంఘ పెద్ద నతానియేలు. మంచివాడే గానీ చిరాకు మనిషి. ఆయన చిరాకులన్నిటిలోకీ పెద్ద చిరాకు సిలువయ్య.

సిలువయ్య చెప్పులు కుట్టేవాడు. అందరూ గడప బయట చెప్పులు విడిచి లోపల పాడుతుంటే, అతను తోలు గుచ్చే ఆరె, దారం పట్టుకుని ఆ చెప్పుల మధ్య కూర్చుని తెగినవి కుట్టేవాడు.

మొదటి ఆదివారం నతానియేలు గడప దగ్గరికొచ్చాడు.

"సిలువయ్యా, లోపలికి రావయ్యా!"

"వస్తా పెద్దయ్యా. ఈ ఒక్క కుట్టు."

రెండో ఆదివారం మళ్ళీ వచ్చాడు.

"సిలువయ్యా, విశ్రాంతి దినమయ్యా ఇది!"

"వస్తా పెద్దయ్యా. ఈ ఒక్క కుట్టు."

మూడో ఆదివారానికి జనం తెలివిమీరారు. ఇంట్లో పాత చెప్పులన్నీ గంపలకెత్తి తెచ్చి గడప ముందు పోశారు. ఒకడైతే బావిలో నీళ్ళు తోడే తోలుసంచీ తెచ్చాడు. నతానియేలు గడప దాటబోయి ఆ కుప్ప మీద బోర్లా పడ్డాడు.

"గుడా ఇది, చెప్పుల సంతా? లోపలికి రానివాడికి ప్రభువు బల్ల లేదు. రొట్టె లేదు, రసం లేదు!"

సిలువయ్య చేతిలో చెప్పు కింద పెట్టాడు. "నాకు పాట రాదు, చదువు రాదు. వచ్చింది ఇదొక్కటే పెద్దయ్యా. ఆయనకి ఇంకేమివ్వను?"

"లోపలికొచ్చి కూర్చోవయ్యా, అదే ఇవ్వు!"

బల్లకు దూరమై బతకలేడు సిలువయ్య. ఆరె ఇంట్లో పెట్టి, వచ్చి లోపల కూర్చున్నాడు. నతానియేలు మురిసిపోయాడు.

ఒక ఆదివారం కొండ కింది వాళ్ళు రాలేదు. మరో ఆదివారం వాగవతలి వాళ్ళు రాలేదు. మూడో ఆదివారం ముసలి సలోమమ్మే రాలేదు. వానలోనూ వడగాలిలోనూ రెండు కోసులు నడిచొచ్చే మనిషి! నతానియేలు విసుక్కుంటూ ఆవిడ గుడిసెకు వెళ్ళాడు.

"ఏమ్మా, దేవుణ్ణి మరిచిపోయావా?"

"నేనెందుకు మరుస్తానురా అబ్బాయ్? చెప్పు తెగింది. తుమ్మముల్లు దిగింది." వాచిన కాలు ముందుకు చాపింది. "వారం వారం నన్ను గుడికి తెచ్చింది నీ ప్రసంగమనుకున్నావా? సిలువయ్య కుట్టు!"

తిరిగొచ్చే దారంతా నతానియేలుకు చిరాకే. ఈసారి ఆ చిరాకు పడటానికి తను తప్ప ఎవరూ దొరకలేదు.

రొట్టె, రసం పంచే బల్ల ఆదివారం వచ్చింది. నతానియేలు అందరి ముందూ సిలువయ్య దగ్గరికి నడిచాడు.

"లే. బయటికి పో."

సిలువయ్య లేచి నిలబడ్డాడు. "ఏం తప్పు చేశాను పెద్దయ్యా?"

"తప్పు చేసింది నేను. పో, పోయి కుట్టు!"

ఆరె ఇంటి నుంచి తెప్పించారు. సిలువయ్య మొదటి కుట్టు వేస్తుండగా నతానియేలు రొట్టె పట్టుకుని గడప దాటి, చెప్పుల మధ్య గొంతుక్కూర్చున్నాడు.

"ముందు నువ్వు తిను."

"చేతులు తోలు కంపు పెద్దయ్యా. కడుక్కొస్తా."

"నోరు తెరువయ్యా బాబూ, నీకు ఎన్నిసార్లు చెప్పాలి!"

తన చేత్తోనే నోట్లో పెట్టాడు.

సిలువయ్య పోయి ఎన్నాళ్ళయిందో లెక్కలేదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో బల్ల ఆదివారం నాడు ఎవరో ఒకరు వంతు ప్రకారం గడప బయట చెప్పులు కుడతారు. మొదటి రొట్టె వాళ్ళకే. వాళ్ళు చేతులు కడుక్కోవడానికి లేవబోతే సంఘ పెద్ద విసుక్కోవాలి. విసుక్కోకపోతే ఆ బల్ల బల్ల కాదంటారు.